నూనెలో చూసిన ముఖం

ఆ వారంలో రజని చేయాల్సిన పనులు ఇవి. తహసీల్ ఆఫీసుకు వెళ్లి బాపు భూమి విలువ కాగితం రాయించుకోవడం. జగిత్యాలలో బాపుకు కొత్తగా ఫొటో తీయించడం, పాత ఫొటోలో ఆయనను ఎవరూ గుర్తుపట్టరు. వకీలును కలిసి జమానతు కాగితాల మీద ఎక్కడెక్కడ సంతకాలు పెట్టాలో అడగడం. గానుగలో ఆడించిన నువ్వుల నూనె తేవడం, కొట్టులో దొరికే డబ్బా నూనె పనికిరాదని అత్త మరీ మరీ చెప్పింది. వెడల్పాటి కంచు గిన్నె పక్కింట్లో అడగడం. బావకు ఒక జత కొత్త బట్టలు కొనడం. సిరిసిల్ల వెళ్లి సుధ వదినను పిలవడం. కోరుట్ల వెళ్లి గంగవ్వకు ఒక మాట చెప్పడం.

ఈ చివరి పనిని ఆమె మొదట పైనే రాసుకుంది. తర్వాత కొట్టేసి అడుగున రాసింది.

ఇదంతా శ్రీశైలం కోసం. అతను రజనికి మేనత్త కొడుకు, వరసకు బావ. తమ పసుపు చేనులో ఏళ్ల తరబడి పనిచేసిన ఐలయ్యను కాలువలోకి తోసి చంపాడని అతని మీద కేసు. కోర్టు బెయిలు ఇచ్చింది గానీ షరతులు పెట్టింది. భూమి ఉన్న మనిషి పూచీగా జమానతు పడాలి, జమానతు పడినవాళ్ల ఇంట్లోనే అతను ఉండాలి, కేసు తేలేదాకా కోరుట్ల వైపు వెళ్లకూడదు. ఆ జమానతు పడాల్సింది రజని తండ్రి రాజమల్లు. ఆయనకు సారంగాపూర్ దగ్గర ఊళ్లో ఇల్లూ, కొంచెం పొలమూ ఉన్నాయి. ఆయన సంతకం పెడితే శ్రీశైలం బయటికి వస్తాడు, లేకపోతే లోపలే ఉంటాడు. కానీ ఆ ఇంట్లో కాలేజీ మెట్లు ఎక్కింది రజని ఒక్కతే. కరెంటు బిల్లు దగ్గరి నుంచి మస్కట్ వీసా కాగితాల దాకా ఆమె చదివి చెబితేనే రాజమల్లు వేలు కదిలేది. కనుక ఆ నిర్ణయం ఆయనది కాదు, రజనిది.

జరిగింది ఇది. యాసంగి పంటకు నీళ్లు వదిలిన రోజులు, కాలువ అంచుల దాకా పారుతోంది. ఐలయ్య మోటారు పైపు సరిచేయడానికి వంగాడు. శ్రీశైలం వెనక నిలబడి ఉన్నాడు. ఐలయ్య బిడ్డ సౌమ్య తండ్రికి సద్ది పట్టుకొని కట్ట మీద నడిచి వస్తోంది. తోయడం తాను చూశానని ఆమె పోలీసులకు చెప్పింది. అంతకంటే ఎక్కువసార్లు ఆమె చెప్పిన మాట వేరే. తోసిన తర్వాత అతను పారిపోలేదట, కేక వెయ్యలేదట. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకొని, ఐలయ్య చేతులు నీళ్లలో ఆడుతున్నంతసేపూ చూస్తూ నిలబడ్డాడట. ఇద్దరి మధ్యా తగాదా లేదు. తాగి లేడు. కూలి దగ్గర పేచీ లేదు. కాలు జారి పడ్డాడని, భయంతో తాను బిగుసుకుపోయానని శ్రీశైలం చెప్పాడు. చూసినది సౌమ్య ఒక్కతే కనుక కేసంతా ఆమె మాట మీదే నిలబడి ఉంది.

టీవీవాళ్లు అతనికి సైకో అని పేరు పెట్టేశారు. కోరుట్లలో చాయ్ హోటళ్ల దగ్గర కూడా అదే మాట. ఆ మాట వింటే రజనికి ఒళ్లు మండేది. ఆమె సోషల్ వర్క్ చదివి, జగిత్యాలలో ఒక స్వచ్ఛంద సంస్థలో పిల్లలకు కౌన్సెలింగ్ చేస్తోంది. దొంగతనాలు చేసే పిల్లలు, తోటివాళ్లను కరిచే పిల్లలు, బడి గోడ దూకి పారిపోయే పిల్లలు ఆమె ముందు కూర్చున్నారు. ప్రతి ఒక్కరి వెనకా ఏదో ఒక ఇల్లు ఉంది, ఆ ఇంట్లో ఏదో ఒకటి జరిగి ఉంది. తవ్వితే దొరకని కారణం ఆమెకు ఇంతవరకూ ఎదురుకాలేదు. చెడ్డతనంతో పుట్టే పిల్లలు ఉండరు, పెద్దవాళ్లే అట్లా చేస్తారు అని ఆమె గట్టిగా నమ్మింది. పదిమందికి చెప్పింది కూడా.

శ్రీశైలం విషయంలో ఆ కారణం కోసం తవ్వాల్సిన పని కూడా లేదు. అది తమ ఇంట్లోనే ఉంది.

శ్రీశైలం పుట్టినప్పుడు పేగు మెడకు చుట్టుకొని ఉంది. అట్లా పుడితే మేనమామకు గండం అంటారు. మేనమామ మొదటిసారి ఆ బిడ్డ ముఖాన్ని నేరుగా చూడకూడదు, గిన్నెలో నూనె పోసి అందులో పడిన నీడను చూడాలి. ఆ తర్వాతే ఎత్తుకోవాలి. అప్పుడు రాజమల్లు మస్కట్‌లో ఉన్నాడు. సెలవు దొరికి వచ్చేసరికి ఇంట్లో ఎవరో పోయి మైల వచ్చింది. ఇంకోసారి చూద్దామన్నారు. తిరిగి వెళ్లాక అక్కడ యంత్రంలో పడి ఆయన ఎడమ చేతి వేళ్లు పోయాయి. దాంతో రజని నాయనమ్మ సాయవ్వ, నూనె లేదు ఏమీ లేదు, వాని నీడ కూడ నా కొడుకు మీద పడొద్దు అని తేల్చేసింది. అప్పటి నుంచి రాజమల్లు కోరుట్లలో చెల్లెలింటికి వస్తున్నాడంటే పిల్లవాడి తల మీద తువ్వాల కప్పి పశువుల కొట్టంలో కూర్చోబెట్టేవాళ్లు. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి తీయాల్సిన పుట్టెంట్రుకలు ఎవరి ఒళ్లోనూ కూర్చోబెట్టకుండానే తీశారు. శ్రీశైలం తండ్రి కువైట్‌లోనే స్థిరపడినట్టు ఉండిపోయి, ఎప్పుడో ఒకసారి వచ్చి పోయేవాడు. సాయవ్వ చనిపోయింది, పిల్లవాడు మీసాలు వచ్చినవాడయ్యాడు. అయినా ఆ అలవాటు పోలేదు. పెళ్లిళ్లలో కూడా ఒకరు ఉన్న పందిట్లో ఇంకొకరు ఉండేవారు కాదు. రాజమల్లు తన మేనల్లుడి ముఖాన్ని మొదటిసారి చూసింది సెల్‌ఫోన్‌లో. ఇద్దరు పోలీసుల మధ్య నిలబడి ఉన్న వీడియోలో.

రజని జైలుకు వెళ్లి అతన్ని కలిసింది. జాలీ అవతల శ్రీశైలం వచ్చి నిలబడ్డాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"తువ్వాల కింద ఎట్లుంటదో నీకు ఎర్కనా రజనీ. ఊపిరి ఆడది. కొట్టంల ఈగలు ముసురుతయి. మామ నవ్వుడు ఇనపడుతది. గా మొఖం ఎట్లుంటదో అనుకుంట కూసుంటుంటి. నన్ను జూస్తె మనుషులు సస్తరని చిన్నప్పటిసంది చెప్పిండ్రు. ఆఖరికి గట్లనే అయ్యింది."

అతని కళ్ల వెంట నీళ్లు కారాయి. రజని కూడా ఏడ్చింది. బస్సులో ఏడుస్తూనే ఇంటికి వచ్చి, ఆ రాత్రే తండ్రికి అంతా చెప్పింది. రాజమల్లు తన మొండి చేతి వైపు చూసుకుంటూ కూర్చున్నాడు. చేసింది మనమే బాపూ, దిద్దుకోవాల్సింది కూడా మనమే అని ఆమె అంది. సంతకం పెట్టడానికి ఆయన ఒప్పుకున్నాడు. కానీ అతను వచ్చాక నేరుగా చూసే ముందు నూనెలో చూస్తానన్నాడు. చదువుకున్న రజనికి అందులో నమ్మకం లేదు. అయినా ఒక మనిషి ఇంకో మనిషి ముఖం చూస్తానంటే వద్దనడమెందుకు అనుకుంది. నిజం చెప్పాలంటే, ఆమెకు సంతోషమే వేసింది.

శ్రీశైలం అక్క సుధను సిరిసిల్లలో ఇచ్చారు. ఆమె భర్త మరమగ్గాల మీద పని చేస్తాడు. వీధి మొదట్లోనే ఆ సాంచాల చప్పుడు మొదలవుతుంది, గట్టిగా అరిస్తే తప్ప మాట వినపడదు. సుధ రజనిని లోపల కూర్చోబెట్టకుండా వెనక దొడ్లోకి తీసుకుపోయింది. నూనె సంగతి విని, తాను రానంది.

"తువ్వాల ముచ్చట నీకు చెప్పిండా?" అని అడిగింది.

చెప్పాడంది రజని.

"ఏడ్సిండా?"

"ఏడ్సిండు వదినా."

"ఎంతమందికి చెప్పిండో నీకు ఎర్కలేదు. బడిల సారుకు చెప్పిండు, పాసయ్యిండు. హాస్టల్ వార్డెన్‌కు చెప్పిండు, తప్పు జేసిన పోరలందర్ని ఎల్లగొట్టి వీన్ని ఉంచుకున్నడు. నా పెండ్లయినంక మా ఆయనకు చెప్పిండు, కొత్త సెల్లు కొనిచ్చిండు. చెప్పినప్పుడల్ల ఏదో ఒకటి దొరికింది వానికి. ఇప్పుడు నీకు చెప్పిండు."

జరగనిది చెప్పలేదు కదా అంది రజని. జరిగింది, నేను కాదనట్లేదు అంది సుధ. తర్వాత కోడిపిల్లల సంగతి చెప్పింది. ఇద్దరి చిన్నప్పుడు, ఇంట్లో కోడి గుడ్లు పొదిగి పిల్లల్ని లేపింది. ఒక రోజు శ్రీశైలం బకెట్లో నీళ్లు పట్టి సుధను పిలిచాడు. ఒక్కొక్క పిల్లనే తెచ్చి నీళ్లలో ముంచడం మొదలుపెట్టాడు.

"వాడు పిల్లల దిక్కు చూడలే రజనీ. నా దిక్కు చూసిండు. నా మొఖం ఎట్ల మారుతదో చూస్కుంట ఒక్కొక్కటి ముంచిండు. నేను ఏడుసుడు బంద్ జేసిన్నో లేదో, వాడూ బంద్ జేసిండు."

చిన్న పిల్లవాడు కదా, తనను చూడని మనుషులు తనను చూసేలా చేసుకోవాలనుకున్నాడేమో అని రజని చదువుకున్న మాటల్లో చెప్పబోయింది. సుధ మధ్యలోనే ఆపింది.

"నన్ను గూడ గా ఇంట్లనే పెంచిండ్రు గదా. వానిది తువ్వాల కప్పిన మొఖమన్నా నలుగురు యాది జేసుకునేటోళ్లు. నా మొఖం ఎవలు చూసిండ్రు? పదో తరగతి కాంగనే తీసుకొచ్చి ఈ సాంచాల సప్పుట్ల పడేసిండ్రు. మరి నేనెవలను సంపలే."

తిరుగు బస్సులో రజని ఆ మాటను చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. జవాబు దొరకలేదు. దొరకని జవాబును మోసుకు తిరగడం కష్టం. దిగేలోపు ఆమె ఒకటి అనుకుంది. ఇది అక్కాతమ్ముళ్ల మధ్య పాత కోపం. తమ్ముడి మీద ఉన్న ధ్యాస తన మీద లేదని సుధ వదిన మనసు విరిగింది. ఆ మాట నిజమే కావచ్చు. నిజం అవడం వల్లనే, మిగతాదంతా పక్కకు పెట్టడం ఆమెకు సులువైంది.

ఐలయ్య భార్య గంగవ్వ ఇల్లు కోరుట్ల చివర్లో, కాలువకు దగ్గర. రజని వెళ్లేసరికి గంగవ్వ గడపలో కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. గోడ మీద సిలువ పటం, దాని పక్కనే ఐలయ్య ఫొటో. సౌమ్య నీళ్లు తెచ్చి ఇచ్చింది. బక్కపలచని పిల్ల, ఓపెన్ డిగ్రీ చదువుతూ కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతోంది. తెల్లవారుజామున కాలువ కట్ట మీద పరుగు పెడుతుంది. తండ్రి పోయిన చోటే ఎందుకని రజని అడిగితే, కోరుట్లలో కుక్కలు లేని సాఫు తోవ అదొక్కటే అక్కా అంది.

"మాకు గూడ కౌన్సిలింగ్ జేస్తవా?" అని అడిగింది సౌమ్య. "బయపడొద్దు అని చెప్తవా? గది చెప్పేటందుకు ఇంత దూరం ఎందుకచ్చినవ్, ఫోన్ల చెప్తె అయిపోతుండె గదా."

రజని జమానతు సంగతి చెప్పింది. అతను ఈ వైపు రాకూడదని కోర్టు కాగితం మీద రాసిందని, తమ ఇంట్లోనే తమ కళ్ల ముందే ఉంటాడని చెప్పింది.

"కాయిదం మీద రాసిండ్రు మంచిగనే ఉన్నది. వానికి సదువస్తది గని, సస్తె సదువడు," అంది సౌమ్య నవ్వుతూ. ఆ నవ్వు ఎక్కువసేపు లేదు.

గంగవ్వ చేతులు ఆగలేదు. ఆకు కత్తిరించడం, పొగాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం. రజని తువ్వాల గురించి చెప్పింది. మనుషులు చెడ్డగా పుట్టరని, ముఖం చూసేవాళ్లు లేక అతను అట్లా అయ్యాడని, జైలు ఇంకా పాడు చేస్తుందని చెప్పింది. చెబుతున్నకొద్దీ తన మాటలు ఆ గడప దగ్గర పలుచనవుతున్నట్టు ఆమెకే తెలుస్తోంది. గంగవ్వ చివరిదాకా విని, చాట పక్కన పెట్టింది.

"మీ బాపు జూడని మొఖాన్ని మా ఆయన జూసిండు బిడ్డా. మీరు కొట్టంల కూసుండబెడ్తె, పోరడు ఒక్కడే ఉన్నడని భుజం మీద ఎక్కించుకొని చేనుకు తీస్కపోయిండు. వాని తువ్వాల తీసింది మా ఆయనే. మా ఇంట్ల సౌమ్యకు పెట్టినంక మిగిలింది గాదు, సౌమ్య కన్న ముందుగాల వానికి పెట్టిండు. మొఖం జూస్తె మంచిగైతడని నువ్వంటున్నవ్. జూసినోన్ని ఏంజేసిండు?"

ఈ సంగతి రజనికి తెలియదు. శ్రీశైలం తన కథలో దాన్ని చెప్పలేదు.

"పుట్టుకతోనే గట్ల పుట్టిండా, మీరు గట్ల జేసిండ్రా, గది మీరు చదువుకున్నోళ్లు తెల్సుకోండ్రి," అంది గంగవ్వ. "వద్దంటలేను. తెల్సుకునేదాక వాన్ని లోపట్నే ఉండనియ్యుండ్రి. అడిగేది గదొక్కటే. మీ బాపుతోని సంతకం పెట్టియ్యకు."

అప్పుడు రజని చేయగలిగింది ఒకటుంది. లేచి, సరే అని, ఇంటికి వెళ్లి తండ్రికి వద్దని చెప్పడం. ఆమె అట్లా చేయలేదు. తాను నమ్మింది తప్పు కావడం కంటే గంగవ్వ దుఃఖంలో ఉండి అట్లా మాట్లాడిందని అనుకోవడం ఆమెకు తేలికగా ఉంది. తాను చూసుకుంటానని, అది తన పూచీ అని సౌమ్యకు మాట ఇచ్చి బస్సెక్కింది.

రాజమల్లు సంతకంతో శ్రీశైలం విడుదలైన మర్నాటి ఉదయం సారంగాపూర్ దగ్గరి ఇంట్లో నూనె పెట్టారు. కోరుట్ల నుంచి వచ్చిన రజని అత్త, శ్రీశైలం తల్లి ప్రేమలత తెల్లవారకముందే వాకిలి అలికి ముగ్గు వేసింది. అయ్యగారు మంత్రాలు చదివాడు. రాజమల్లు కొత్త పంచ కట్టుకొని పీట మీద కూర్చున్నాడు, ఎదురుగా కంచు గిన్నె. శ్రీశైలాన్ని వెనక నుంచి తీసుకొచ్చి ఆయన భుజం మీదుగా వంగమన్నారు. నూనె కదలడం ఆగింది. రాజమల్లు అందులోకి చూశాడు. ఏళ్లపాటు మస్కట్ ఎండలో నిలబడినా చెదరని మనిషి పసిపిల్లవాడిలా ఏడ్చాడు. ఆయన కన్నీళ్లు నూనెలో పడి ముఖం చెదిరిపోయింది. ప్రేమలత ఏడ్చింది. అయ్యగారు కూడా కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

రజని అప్పుడు శ్రీశైలం వైపు చూసింది.

అతను గిన్నెలోకి చూడట్లేదు. మేనమామ వైపూ చూడట్లేదు. ఏడుస్తున్నవాళ్లను ఒక్కొక్కరినే చూస్తున్నాడు. తల్లి ముఖం దగ్గర కొంతసేపు, అయ్యగారి ముఖం దగ్గర కొంతసేపు ఆగాడు. కొత్త ఊళ్లో దుకాణాల బోర్డులు చదివే మనిషిలా ఉన్నాడు. చివరికి అతని చూపు రజని మీదికి వచ్చి ఆగింది. ఆమె కింది పెదవి అదురుతోంది. కొద్దిసేపటికి అతని కింది పెదవి కూడా అచ్చం అట్లాగే అదరడం మొదలుపెట్టింది. తర్వాత కళ్లలో నీళ్లు వచ్చాయి.

ఆమె అది చూసింది. ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు నుంచి ఇంట్లో మాట మారింది. దోషం పోయిందన్నారు. ఇన్నాళ్లూ పట్టుకున్నది ఏదో నూనెలోకి దిగిపోయిందన్నారు. శ్రీశైలం కూడా అట్లాగే మెలిగాడు. బర్లకు నీళ్లు పెట్టాడు, మేనమామ కాళ్లు పిసికాడు. రాజమల్లు అతన్ని పక్కన కూర్చోబెట్టుకోకుండా అన్నం తినేవాడు కాదు. మొదట్లో రజని బండి తాళంచెవి తన సంచిలో పెట్టుకొని డ్యూటీకి పోయేది. ఒక రోజు తండ్రే అడిగాడు.

"నూనెల చూసినం గదా బిడ్డా. ఇంకా తాళం దాస్తె వాడేమనుకుంటడు?"

ఆమె తాళంచెవి ఇచ్చేసింది. కోర్టు పెట్టిన షరతులు వాళ్లెవరూ మరిచిపోలేదు. ఆ షరతులు పాత శ్రీశైలానికని, గిన్నెలో చూడకముందటి మనిషికని అనుకున్నారు. ఆ ఇంట్లో అంతకంటే ఎక్కువ ఎవరూ ఆలోచించలేదు.

సాయంత్రాలు రజని అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి మాట్లాడేది. తన దగ్గరికి వచ్చే పిల్లలతో మాట్లాడినట్టే. తప్పు చేసిన మనిషికి ఎదుటివాళ్ల బాధ తెలియాలని ఆమె నేర్చుకుంది. అందుకని గంగవ్వ గురించి చెప్పింది. బీడీలు చుడుతున్న చేతుల గురించి, గోడ మీది ఫొటో గురించి చెప్పింది. సౌమ్య గురించి చెప్పింది. తండ్రి పోయినా చదువు ఆపలేదని, కానిస్టేబుల్ కావాలని తెల్లవారకముందే లేచి కాలువ కట్ట మీద పరుగెత్తుతుందని. శ్రీశైలం మొదటిసారి తల ఎత్తి విన్నాడు. ఒక్కతే ఉరుకుతదా అని అడిగాడు. చీకట్ల బయం గాదా అని అడిగాడు. కాలువ గేట్ల దాక పోతదా, ముందే ఎనుకకు మల్లుతదా అని అడిగాడు.

ఇంకొకరి గురించి అతను ఇన్ని ప్రశ్నలు అడగడం రజని ఎన్నడూ వినలేదు. ఎదుటి మనిషి మీద ధ్యాస పుడుతోందనుకుంది. ఆమెకు తెలిసినంతా, అడిగినంతా చెప్పింది. ఆ రాత్రి ఆమె హాయిగా నిద్రపోయింది.

వారం తిరగకముందే ఒక తెల్లవారుజామున బండి చప్పుడు విని ఆమెకు మెలకువ వచ్చింది. యూరియా లారీ వస్తుందని, లైన్లో ముందు నిలబడాలని అతను ముందురోజే మేనమామతో అన్నాడు. ఆమె అటు తిరిగి పడుకుంది. శ్రీశైలం పొద్దెక్కాక వచ్చాడు. యూరియా దొరకలేదన్నాడు. అందరికీ ఇడ్లీలు కట్టించుకొచ్చాడు. వాకిట్లో బండి కడుగుతుండగా కోరుట్ల నుంచి ప్రేమలత ఫోన్ చేసింది. సౌమ్య గేట్ల దగ్గర నీళ్లలో దొరికింది.

రజని ఫోను చేతిలో పట్టుకొనే వాకిట్లోకి వచ్చింది. శ్రీశైలం బండి చక్రాన్ని తడిగుడ్డతో తుడుస్తున్నాడు. ఆమెను చూసి గుడ్డ పక్కన పెట్టాడు.

"సౌమ్యను ఏంజేసినవ్?"

అతను కాదనలేదు. "నువ్వు చెప్పినట్టే ఉన్నది. ఒక్కతే ఉన్నది," అన్నాడు.

"ఎందుకు?"

అతను ఆలోచించాడు. అబద్ధం వెతుక్కునేవాడి ఆలోచన కాదు అది. నిజంగానే తనలోకి చూసుకొని అక్కడ ఏమీ కనిపించని మనిషిలా ఉన్నాడు. సౌమ్య సాక్ష్యం లేకపోతే కేసు నిలవదన్న మాట కూడా అతను అనలేదు. అదన్నా అని ఉంటే, ఆమెకు పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది.

"నాకు ఎర్కలేదు రజనీ. నువ్వు చదువుకున్నవ్, నువ్వే చెప్పాలె. తువ్వాల అన్నవ్ గదా. తువ్వాల కాదా?"

అంటూ ఆమె ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆమె ముఖం ఏమవుతుందో చూస్తున్నాడు. రజని రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఆ వాకిట్లో ఆమె చేయగలిగింది అదొక్కటే.

అతన్ని మధ్యాహ్నం పట్టుకెళ్లారు. అడ్డు చెప్పకుండా జీపు ఎక్కాడు. రాజమల్లు జీపు వెంట కొంత దూరం నడిచి, ఎందుకు నడుస్తున్నాడో తెలియనట్టు రోడ్డు మధ్యలో ఆగిపోయాడు.

రజని కోరుట్ల ఆస్పత్రికి వెళ్లింది. వెళ్లకుండా ఉండడం ఆమెకు చేతకాలేదు. శవాలగది బయట గంగవ్వ నేల మీద కూర్చుని ఉంది. చుట్టూ చర్చివాళ్లు, బీడీల ఆడవాళ్లు. ఎవరో రజనిని గుర్తుపట్టి తిట్టబోయారు. గంగవ్వ చేత్తో ఆపింది. రజని వైపు తిరిగింది.

"తెల్సుకున్నరా బిడ్డా?" అని అడిగింది.

ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగింది. రజని తల అడ్డంగా ఊపింది. గంగవ్వ అటు తిరిగి కూర్చుంది. ఆ తర్వాత ఎన్నడూ ఆమె రజనితో మాట్లాడలేదు.

ఇప్పటికీ రజనికి తెలియదు. పేగు మెడకు చుట్టుకొని పుట్టిన పిల్లలు ఆ చుట్టుపక్కల ఎందరో ఉన్నారు. ఒకరు బస్సు కండక్టరు, ఒకరు పాటలు పాడతాడు. తువ్వాల కప్పని ఇళ్లలోనూ దుర్మార్గులు పుట్టారు. తువ్వాల లేకపోతే శ్రీశైలం మంచివాడు అయ్యేవాడా? కోడిపిల్లల బకెట్ దగ్గరే ఎవరైనా ఆపి ఉంటే ఆగేవాడా? లేక ఎవరు ఏం చేసినా ఇంతేనా? ఆమె చదువులో రెండు వైపులా రాసి ఉంది. రెండూ చదివింది. ఏ వైపు చదివినా సౌమ్య కట్ట మీద ఒంటరిగానే పరుగెత్తుతూ కనిపిస్తుంది. ఉద్యోగం మానలేదు, మానితే ఇల్లు గడవదు. మొన్న ఒక పిల్లవాణ్ణి తీసుకొచ్చారు, కుక్కపిల్ల కాళ్లు విరిచాడట. వాడు ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఎందుకు చేశావని అడగడానికి ఆమెకు నోరు రాలేదు. వాడు చెబుతాడేమోనని భయం, చెప్పడేమోనని ఇంకా భయం.

రాజమల్లు ఇప్పుడు ఎవరి ముఖమూ చూడడు. మాట్లాడినా నేల చూస్తూ మాట్లాడతాడు.

శ్రీశైలం గురించి మాత్రం జనం ఆగలేదు. విలేకరులు వచ్చారు. పట్నం నుంచి ఒక పెద్దసారు వచ్చి అతను ఎట్లా పుట్టాడు, ఎట్లా పెరిగాడు, ఏ కాలు ముందు పెట్టి నడిచాడు అని అడిగి వీడియో తీసుకుపోయాడు. కొట్టాన్ని ఫొటోలు తీశారు. వాళ్లడిగినదానికల్లా రజని ఓపికగా జవాబు చెప్పింది. ప్రతిసారీ చివర్లో, ఇంకొక పేరు గురించి అడుగుతారేమోనని కాసేపు కూర్చునేది. ఎవరూ అడగలేదు.

అందుకని ఈ కథ చదివిన మీకు ఒక మనవి. అతను ఎందుకట్లా అయ్యాడన్నది మీకూ తేలదు. తేలనిదాన్ని వదిలేసి సౌమ్యను గుర్తుపెట్టుకోండి. చర్చిలో పాట మధ్యలో నవ్వు ఆపుకోలేక తల్లి చేత గిల్లించుకునేది. బల్లి కనిపిస్తే మంచం ఎక్కి, పోలీసు కావాలంటే బల్లి పరీక్ష ఉండదు కదా అనేది. తండ్రి చెప్పులు పారేయనివ్వకుండా గడప పక్కనే ఉంచింది. ఐలయ్య, గంగవ్వల బిడ్డ. కోరుట్ల పిల్ల. ఆమె పేరు సౌమ్య.